న్యాంబు తాత మళ్ళీ పిలిపించిన సాక్షి

న్యాంబు తాతకి ఏ సంగతైనా ఒకసారి వింటే విన్నట్టు కాదు. రెండోసారి వినాలి, అదీ మొదటి అక్షరం నుంచి. ఎదుటివాడు ఎంతో కష్టపడి అంతా చెప్పి, హమ్మయ్య అని ఊపిరి పీల్చుకోబోతున్న సమయం చూసుకుని, "ఆగాగు. మొదట్నించి చెప్పు," అనేవాడు.

కిలాంగా కొండ మీద ఈ బాధ పడని మనిషి లేడు. మటాటు వ్యాను కండక్టరు, వానకి రోడ్డు ఎక్కడెక్కడ తెగిందో చెప్పాడంటే బండి అరగంట ఆలస్యమే. ఒకసారి ఎవరిదో అంత్యక్రియల్లో పాస్టరు పోయినాయన జీవితమంతా చెప్పి కళ్ళు తుడుచుకుంటుంటే తాత వెనక వరసలోంచి లేచి, "పాస్టరు గారూ, ఆయన పుట్టిన దగ్గర్నించి ఇంకోసారి," అన్నాడు. చనిపోయినాయన భార్య కూడా "అవునయ్యా, చెప్పండి," అంది. పాస్టరు ఏం చేస్తాడు? ఆ పెద్దమనిషిని రెండుసార్లు పుట్టించి రెండుసార్లు పూడ్చాడు. పెళ్ళికి ముందు కూడా అంతేనట. అమ్మాయి సిగ్గుపడుతూ 'సరే' అంటే, "మొదట్నించి చెప్పు," అన్నాడట. రెండోసారి చెప్పేటప్పుడు ఆవిడ కన్యాశుల్కం కింద ఇంకో ఆవు కావాలంది. ఆవిడ బతికున్నన్నాళ్ళూ ఈ కథ చెప్పి నవ్వేది.

అలాంటి మనిషి మీద పక్క పొలం మ్వాదిమె క్రిమినల్ కేసు పెట్టాడు. చట్టంలో న్యాంబు తాత కోసమే రాసినట్టు ఒక నిబంధన ఉందని పాపం అతనికి తెలియదు.

ఆ నిబంధన మేజిస్ట్రేటు జెరోతిచ్‌కి బాగా తెలుసు. తెలియడమే ఆవిడకి నిద్ర లేకుండా చేసింది. విచారణ సగంలో ఉండగా మేజిస్ట్రేటు మారితే, కొత్తగా వచ్చినవారు ముద్దాయికి ఒక మాట విడమర్చి చెప్పాలి: ఇంతవరకూ సాక్ష్యం చెప్పినవాళ్ళని నా ముందు మళ్ళీ పిలిపించమని అడిగే హక్కు నీకుంది, అని. ఆ మాట చెప్పడం మరిచిపోతే తర్వాత నడిచిందంతా పై కోర్టులో కూలిపోతుంది.

జెరోతిచ్ ఎల్డొరెట్ దగ్గరి మైదానంలో పుట్టిన పిల్ల. మేజిస్ట్రేటుగా ఇదే మొదటి ఉద్యోగం. తలుపు తాళం వేసి, వెనక్కి వెళ్ళి లాగి చూసి, మళ్ళీ గేటు దాకా వచ్చి అనుమానపడే స్వభావం. కిలాంగాలో పొగమంచు కిటికీలోంచి గదిలోకి వస్తే అది కూడా తన మీద అప్పీలు వేయడానికే వచ్చిందనిపించేది. మొదటి రోజునే ప్రాసిక్యూటర్ ఒడువోర్ ఒక లావుపాటి ఫైలు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఇదేంటి? హత్య కేసా?" అంది.

"అరటి చెట్లు మేడమ్."

"ఇంత ఫైలా?"

"మీరు నాలుగోవారు మరి."

ఒడువోర్ కూర్చుని చెప్పాడు. న్యాంబుది, మ్వాదిమె వాళ్ళది పక్కపక్క పొలాలు. వరసకి న్యాంబు మ్వాదిమెకి పెదనాన్న. తండ్రి పోయాక మ్వాదిమె కిందికి, వోయి పట్నానికి దిగి ఇనప సామాన్ల కొట్టు పెట్టుకున్నాడు. కొండ మీద తల్లి వవుదా ఒక్కతే ఉంటుంది. ఒక గాలివాన తెల్లవారుజామున సరిహద్దు మీది అరటి చెట్లు నేలకూలాయి. గాలికి పడ్డ చెట్లని దారికడ్డం లేకుండా నరికానని న్యాంబు అంటాడు. నిలబడ్డ చెట్లనే నరికాడని మ్వాదిమె అంటాడు. మసక చీకట్లో కత్తి పట్టుకున్న మనిషిని చూసిన సాక్షి వవుదా అవ్వ ఒక్కతే.

"ఆవిడ్ని గట్టిగా నాలుగు ప్రశ్నలడిగితే కేసు నిలబడదు మేడమ్. నేను ప్రాసిక్యూటర్ని, నేనే చెప్తున్నా. కానీ ఈయన అడిగే ప్రశ్నలు మీరే చూస్తారుగా."

మొదటి మేజిస్ట్రేటు సాక్షుల్ని విని బదిలీ అయ్యాడు. రెండో ఆయన తొందరమనిషి. హక్కు సంగతి చెప్పడం మరిచి, మిగిలింది విని, శిక్ష వేశాడు. న్యాంబు పై కోర్టుకి వెళ్ళాడు. అక్కడ జడ్జి గారు, శిక్ష ఎందుకు తప్పో చెప్పవయ్యా అంటే, "శిక్ష సంగతి నాకు తెలీదు బాబూ. ఆయన నన్ను అడగలేదు. సాక్షుల్ని మళ్ళీ పిలవమంటావా అని అడగాలట కదా. అడగలేదు," అని చిన్నపిల్లాడిలా అలిగి చెప్పాడట. జడ్జి శిక్ష కొట్టేసి, విచారణ మళ్ళీ మొదట్నించి జరపమన్నాడు.

"ఆ తీర్పు విని ఈయన సంబరం చూడాలి మేడమ్! విడుదలైనవాళ్ళు కూడా అంత సంబరపడరు."

మూడో మేజిస్ట్రేటు సాక్షులందర్నీ విన్నాడు. విన్న మరుసటి నెల ఆయనకి పై పదవి వచ్చింది. ఇప్పుడు జెరోతిచ్.

ఆ రెండో మేజిస్ట్రేటు పేరు పై కోర్టు తీర్పులో ఎలా పడిందో జెరోతిచ్ చదివింది. 'విద్వాంసుడైన మేజిస్ట్రేటు గారు' అని మొదలుపెట్టి మర్యాదగా తోలు తీశారు. ఆ చోట తన పేరు ఊహించుకుని, ఆ నిబంధనని మళ్ళీ ఒకసారి చదివింది.

వాయిదా రోజు న్యాంబు తాత బోనులోకి వచ్చాడు. పొడుగ్గా, వెదురు గడలా ఉన్నాడు. మోకాళ్ళ దాకా వచ్చే పాత కోటు. జెరోతిచ్ హక్కు సంగతి ఒక్కో ముక్కా చెప్పింది. గుమాస్తా వకేషో దాన్ని ఆ కొండవాళ్ళ తైతా భాషలో చెప్పింది.

"అర్థమైందా?"

"అర్థమైంది తల్లీ. కానీ ఇంకోసారి చెప్పు, మొదట్నించి."

కోర్టంతా మూలిగింది. జెరోతిచ్ మాత్రం ఎంతో శ్రద్ధగా మళ్ళీ చెప్పింది. అర్థం కాలేదేమో అన్న భయం ఆవిడది.

"మరి సాక్షుల్ని పిలిపించమంటారా, విన్నంతవరకు చాలా?"

"అందర్నీ పిలిపించు. ఒక్కర్ని కూడా వదలకు."

"అమ్మగారూ!" మ్వాదిమె వెనక బెంచీ మీంచి లేచాడు. "నేను కొట్టు మూసుకుని ఎన్నిసార్లు ఎక్కి రావాలి ఈ కొండ? ఈయనకి కావాల్సింది న్యాయం కాదు, కాలక్షేపం!"

"కూర్చోండి," అంది జెరోతిచ్. లోపల మాత్రం ఆవిడకీ అదే అనుమానం. కానీ హక్కు హక్కే. అందర్నీ పిలిపించమని ఉత్తర్వు రాసి, సంతకం పెట్టి, పెట్టానా లేదా అని రెండుసార్లు చూసుకుంది.

సాక్ష్యం మొదలైంది. ముందు మ్వాదిమె. ఒడువోర్ అడగాల్సినవి అడిగి కూర్చున్నాక న్యాంబు వంతు వచ్చింది. తాత అతని వైపు తిరిగాడు.

"షికమో ఏదీ?"

"ఏంటి?"

"పెద్దవాడు ఎదురైతే షికమో అని దండం పెట్టాలా వద్దా? పట్నంలో మేకులమ్ముకుంటే అన్నీ మర్చిపోతారా? ముందు నాకు దండం పెట్టు. తర్వాత నా మీద సాక్ష్యం చెప్పు."

"మేడమ్, అభ్యంతరం," అన్నాడు ఒడువోర్ నవ్వాపుకుంటూ.

జెరోతిచ్ తలలో పుస్తకాలన్నీ తిరగేసింది. దండం పెట్టమనే ప్రశ్నని అనుమతించవచ్చో లేదో ఏ పుస్తకంలోనూ చదివిన గుర్తు లేదు. "ఆ ప్రశ్నకి కేసుతో సంబంధం ఉందా?" అంది నెమ్మదిగా.

"లేకేం తల్లీ? షికమో అనడానికి తిరగని నోరు నిజం చెప్పడానికి తిరుగుతుందా?"

మ్వాదిమె పళ్ళు బిగించి, "షికమో," అన్నాడు.

"మరహబా, చల్లగా ఉండు. పిల్లలు బాగున్నారా? చిన్నదానికి దగ్గు తగ్గిందా? సరే, ఇప్పుడు చెప్పు. మొదట్నించి."

అరటి చెట్ల గురించి అతన్ని ఒక్క ప్రశ్న అడగలేదు. తనని నిర్దోషి చేయగల ప్రశ్నలు ఒక్కొక్కటీ న్యాంబు పక్కనుంచి వెళ్ళిపోతుంటే జెరోతిచ్ కలం చివర కొరుక్కుంది. లాయరు లేని ముద్దాయికి మేజిస్ట్రేటు ఎంతవరకు సాయం చేయొచ్చు? ఎక్కువ చేస్తే పక్షపాతం, తక్కువ చేస్తే అన్యాయం. రెండూ అప్పీలుకి పనికొస్తాయి.

తర్వాతి వాయిదాకి వవుదా అవ్వ వచ్చింది. ఆవిడ ఉండే గట్టుకి మటాటులు ఎక్కవు కాబట్టి పోలీసు జీపు వెళ్ళి తెచ్చింది. మనిషి పిడికెడంత. చేతిలో కోర్టు సమను. దాన్ని గుండెకి ఆనించుకుని, ప్రభుత్వం తనకి పంపిన పెళ్ళిపిలుపులా పట్టుకుంది. బోనుదాకా నడవడానికి చాలాసేపు పట్టింది.

"ఆ రోజు ఎవర్ని చూశావమ్మా?" అని ఒడువోర్ అడిగితే, "పొడుగ్గా ఉన్నాడు. చేతిలో కత్తి ఉంది. బావగారే అనుకున్నా," అంది.

న్యాంబు లేచాడు. ఇప్పుడైనా 'చెట్లు నిలబడి ఉన్నాయా, పడి ఉన్నాయా' అని అడుగుతాడని జెరోతిచ్ ముందుకి వంగింది.

"వవుదా, పొద్దున ఏం తిన్నావు?"

"కిమంగా ముద్ద, బావగారూ."

"ఎంత?"

"చిన్న గిన్నెడు."

"టీలో చక్కెర వేసుకున్నావా?"

అవ్వ తల దించుకుంది. "కొంచెం."

"కొంచెమంటే? కోర్టులో ప్రమాణం చేశావు, గుర్తుంచుకో!"

"...రెండు చెంచాలు."

"చూశావా తల్లీ!" న్యాంబు పెద్ద నేరం పట్టుకున్నవాడిలా మేజిస్ట్రేటు వైపు తిరిగాడు. "ఇది రాసుకో."

"అభ్యంతరం మేడమ్! చక్కెరకీ అరటిచెట్లకీ ఏంటి?"

"రాత్రిళ్ళు దాహం వేస్తోందా? వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయా?" న్యాంబు ఆగడం లేదు. జెరోతిచ్ ఏది వదిలేస్తే ఏమవుతుందోనని దాహమూ తిమ్మిరీ చక్కెరా అన్నీ రాసుకుంది. మధ్యాహ్నం అయింది. ఇంకా అడగాల్సింది ఉందన్నాడు తాత. భోజనాల తర్వాత కొనసాగిద్దామని ఆవిడ లేచింది.

గదిలో వకేషో అల్లం టీ, మందాజీ బూరెలు పెట్టి వెళ్ళింది. జెరోతిచ్ కప్పు పట్టుకుని కిటికీ దగ్గరికి వచ్చింది. బయట సన్నగా వాన. కోర్టు వెనక, గడ్డిలో, ఒకే గొడుగు కింద ఇద్దరు వెళ్తున్నారు. పొడుగాటి కోటు, దాని చేయి పట్టుకుని పిడికెడంత మనిషి.

ఆవిడ కప్పు కిటికీ గట్టు మీద పెట్టేసింది.

ముద్దాయి, సాక్షి. సాక్ష్యం సగంలో ఉండగా. భుజం భుజం కలిపి! జామీను ఇచ్చేటప్పుడు సాక్షుల జోలికి పోవద్దని రాసిన షరతు ఆవిడ కళ్ళ ముందు అక్షరం అక్షరంగా కదిలింది. ఇదన్నమాట ఈ ముసలాయన పని! మళ్ళీ మళ్ళీ పిలిపించడం, మంచి చేసుకుని సాక్ష్యం మార్పించడం. తెలిసీ ఊరుకుంటే తను కూడా కలిసిపోయినట్టే. 'విద్వాంసురాలైన మేజిస్ట్రేటు గారు కిటికీలోంచి చూస్తూ టీ తాగుచుండిరి' అని పై కోర్టు రాస్తుంది. మందాజీ ముట్టుకోలేదు. కోర్టు కూర్చునే వేళ కాకముందే వెళ్ళి కూర్చుంది.

అందరూ వచ్చాక, "న్యాంబు గారూ," అంది. "భోజనాల వేళ మీరు ఈ సాక్షిని ఎక్కడికి తీసుకెళ్ళారు? జవాబు చెప్పాలనే బలవంతం లేదు. చెప్పకపోయినా మీ జామీను రద్దు చేసే అధికారం నాకుంది. అర్థమైందా?"

మళ్ళీ చెప్పమంటాడని కోర్టంతా ఎదురు చూసింది. న్యాంబు తాత ఏమీ అడగలేదు. బోను కర్ర మీద వేలితో గీరుతూ నిలబడ్డాడు.

"చెప్పనమ్మా."

"ఎందుకు?"

"మాటిచ్చా. నన్ను లోపల వేయి."

మ్వాదిమె ఎగిరి లేచాడు. "చూశారా! మా అమ్మని బెదిరిస్తున్నాడు! నేను మొదట్నించీ చెప్తూనే ఉన్నా!"

ఒడువోర్ మొహంలో నవ్వు పోయింది. జెరోతిచ్ కలం తీసింది. వేయాల్సిన ఉత్తర్వు తెలుసు. ఎలాగో మొదటి మాట రాసింది.

"ఆ కలం కింద పెట్టు తల్లీ," అంది వవుదా అవ్వ.

బోనులోంచే వంగి, కట్టుకున్న కాంగా గుడ్డ అంచు కొంచెం పైకి తీసింది. పాదం నుంచి మడమ పైదాకా తెల్లటి కొత్త కట్టు. ఆసుపత్రి మందు వాసన గదంతా వచ్చింది.

"బెదిరించడం ఎక్కడిది? పడిపోతానని పట్టుకున్నారు. ఆసుపత్రి మీ గోడవతలే కదా."

మ్వాదిమె మెడ చాచి చూశాడు. "అమ్మా... ఏంటది? ఎప్పట్నించి?"

"కేసు పెట్టకముందు నుంచీ ఉంది. షుగర్ జబ్బట."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వొచ్చి సరిహద్దు కొలిచావు చూడు, ఆ తాడు రెండో కొస పట్టుకుంది నేనే కదరా. కుంటుకుంటూ నడిచా. నువ్వు తాడు చూసుకున్నావు."

మ్వాదిమె కూర్చుండిపోయాడు. న్యాంబు తాత మాత్రం అవ్వ మీద కోప్పడ్డాడు. "చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది నువ్వే కదా! ఇప్పుడు నువ్వే చెప్పేస్తే నేనెందుకు లోపలికెళ్ళాలనుకున్నట్టు?"

"మీరు చెప్పండి," అంది జెరోతిచ్.

ఇక దాచేదేం లేక తాత చెప్పాడు. కంచె మీంచి చూస్తే మరదలు రోజురోజుకీ ఎక్కువగా కుంటుతోంది. ఆసుపత్రికి రమ్మంటే గరిటె విసిరింది. మొగుడు ఆ ఆసుపత్రికే వెళ్ళి తిరిగిరాలేదని ఆవిడ భయం. కొడుక్కి చెప్తే బలవంతంగా తీసుకుపోతాడని ఇంకో భయం. కానీ కోర్టు కాయితానికి మాత్రం ఎదురు చెప్పదు. సర్కారు ముద్ర ఉంటే చాలు, గట్టు దిగుతుంది. మొదటిసారి సాక్ష్యానికి వచ్చినప్పుడు సాయంత్రం దాకా జీపు లేదు, వాన మొదలైంది. ఆసుపత్రి వరండాలో బెంచీ ఉంది, తడవకుండా కూర్చుందాం రమ్మన్నాడు. ఆ బెంచీ డాక్టరు గారి కోసం కాచుకునేవాళ్ళ వరుసది.

"ఇంకొంచెం ఆలస్యమైతే పాదం తీసేయాలన్నాడు తల్లీ డాక్టరు. కట్టు మార్పించుకుంటూ ఉండాలి, మందులు అయిపోగానే మళ్ళీ రావాలి అన్నాడు. ఎలా వస్తుంది? వాయిదా పడితేనే వస్తుంది. మేజిస్ట్రేటు మారితే ఇంకా మంచిది, మళ్ళీ మొదట్నించి."

"మరి శిక్ష పడిందే మీకు! అప్పుడు..."

"అదేగా నా కోపం! ఆ మహానుభావుడు అడగనే లేదు. అడిగుంటే సాక్షిని పిలిపించేవాణ్ణి. ఈవిడకి మందులైపోయాయి, పుండు మళ్ళీ పెద్దదైంది. అందుకే పై కోర్టుకెళ్ళా."

జెరోతిచ్ రాసిన ఆ ఒక్క మాటనీ కొట్టేసింది. సాక్షిని తిన్నదీ తాగినదీ ఎందుకడిగాడో ఇప్పుడు అర్థమైంది. తన నిర్దోషిత్వం గురించి అడగాల్సిన సమయమంతా ఈయన డాక్టరు ప్రశ్నలకి ఖర్చు పెట్టాడు.

ఒడువోర్ కిటికీ వైపు తిరిగి ముక్కు చీదుకుని, "జలుబు మేడమ్, ఈ పొగమంచు," అన్నాడు.

మ్వాదిమె మెల్లిగా లేచాడు. "అమ్మగారూ, నా ఫిర్యాదు వెనక్కి తీసుకుంటా."

ఫిర్యాదు వెనక్కి తీసుకోనివ్వాలంటే కారణం కోర్టుకి నచ్చాలి. "కారణం?" అంది జెరోతిచ్.

అతను పెదనాన్న వైపు ఒకసారి చూశాడు. "గాలికే పడుంటాయి," అన్నాడు. "ఆ రోజు గాలి బాగానే వేసింది."

ప్రాసిక్యూటర్‌కి అభ్యంతరం లేదు. ఎవరూ బలవంతపెట్టలేదు కదా అని అడిగింది. లేదన్నాడు. ఫిర్యాదు ఉపసంహరణకి అనుమతిస్తూ, ముద్దాయిని నిర్దోషిగా విడుదల చేస్తూ ఉత్తర్వు చదివింది. నలుగురు మేజిస్ట్రేట్లని చూసిన కేసు ఒక పేరాలో అయిపోయింది.

న్యాంబు తాత మొహం మాడిపోయింది. "అయిపోయిందా? మరి ఇంక ఈవిడకి కాయితం రాదా?"

"రాదు."

"అయితే నేను వీడి మీద కేసు పెడతా. వీడి మేక నా మొక్కజొన్న తినేసింది. సాక్షి వవుదా. రాసుకో తల్లీ, పోయిన..."

"వద్దు!" జెరోతిచ్ అరిచింది. కిలాంగా వచ్చాక ఆవిడ అంత గట్టిగా మాట్లాడింది అదే మొదటిసారి.

"ఏం అక్కర్లేదు," అంది వవుదా అవ్వ. "గురువారం నర్సమ్మ రమ్మంది. వెళ్తా. కాయితానికి భయపడి దిగింది మొదటిసారి ఒక్కసారే. తర్వాత్తర్వాత కాయితం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసి మరీ దిగా."

"ఎందుకే మరి?" న్యాంబు బిత్తరపోయాడు. "నేనిన్ని తంటాలు పడ్డానే!"

"ఇంట్లో నాతో మాట్లాడే దిక్కెవరు? మీరు ఆ బెంచీ మీద పక్కన కూర్చుని, నా చిన్నప్పటి సంగతులన్నీ ఒకటికి రెండుసార్లు చెప్పించుకుంటారు. అది పోగొట్టుకుంటానా?"

న్యాంబు తాతకి, బహుశా పుట్టాక మొదటిసారి, ఇంకోసారి చెప్పమనడానికి నోరు రాలేదు. కోటు జేబులోంచి టోపీ తీసి, లోపలికి చూసుకుని, మళ్ళీ జేబులోనే పెట్టుకున్నాడు.

కోర్టు లేచాక జెరోతిచ్ గదిలోకి వచ్చి చల్లారిన టీ తాగింది. మందాజీ కూడా తింది. బయట మ్వాదిమె తన పికప్ బండిని మెట్ల దాకా వెనక్కి తెచ్చాడు. ముందు సీట్లో ఎవరు కూర్చోవాలన్న దాని మీద పెదనాన్నకీ అతనికీ గొడవ మొదలైంది. పెద్దవాణ్ణి నేనంటాడు ఒకడు, బండి నడిపేది నేనంటాడు ఇంకొకడు. ఇద్దరూ వానలో చేతులు తిప్పుకుంటుంటే వవుదా అవ్వ మాట్లాడకుండా ముందు ఎక్కి, కట్టు కట్టిన కాలు చాపి సీటంతా తనే ఆక్రమించింది. డ్రైవరు చోటు కూడా సగం ఆవిడదే.

చివరికి, ఇద్దరికీ ముందు సీటు లేదని తగువు తీర్చి, ఒడువోర్ తనే బండి నడపడానికి స్టీరింగు ముందు ఓ మూలకి ఒదిగి కూర్చున్నాడు. ఇద్దరు మగాళ్ళూ వెనక మేకుల బస్తాల మీద ఎక్కి, ఒకే గోనెసంచి నెత్తిన కప్పుకుని కూర్చున్నారు. బండి కొండెక్కింది. జెరోతిచ్ ఎంత గట్టిగా నవ్విందంటే, ఏమైందోనని వకేషో పరిగెత్తుకొచ్చింది.